పాతర

పొద్దున్నే కోయంబత్తూరు పార్టీ ఫోను:
"మీకు రాసిన మెయిల్ వాకిలిదాకా వచ్చి తిరిగొచ్చేసింది."
చూస్తే డబ్బా నిండిపోయి
తెర అంచున ఎర్రటి గీత.

పద్నాలుగేండ్లు.
పదకొండు వేల నాలుగు వందల చిల్లర.
పత్తి బేళ్ళ లెక్కలు, లారీ నంబర్లు, తేమ శాతాలు,
జిన్నింగు మిషను బెల్టు కోసం నడిచిన పదహారు జవాబులు,
ఎవరో ఉగాదికి పంపిన కదిలే మామిడాకుల బొమ్మ.
ఒక్కటీ తీసెయ్యలేదు.
ఆదోని మిల్లు గుమాస్తాను,
చిత్తు చీటీనైనా ఇనప చువ్వకు గుచ్చి పెట్టుకునే కాలం నాది.

ఉరుకుందమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.
ఆస్పరి పిల్ల, పోయిన వానల్లో చేరింది,
మౌసు పట్టుకుంటే నాకు పెద్దక్క.
"తీసెయ్యద్దు సార్. పాత ఏండ్లవి కిందికి దింపుదాం."
యాడికి దింపేది?
"ఆర్కైవ్ అని ఒకటుంటాది. ఏమీ పోవు.
కండ్లకు అడ్డం రావు, అంతే. వెతికితే పలుకుతాయి."

కౌతాళంలో మా యింటి ముందర, నడివీధిలో, జొన్నల పాతర.
చుట్టూ చొప్ప పేర్చి, నోటికి బండ వేసి, మన్ను మెత్తితే
దాని మీదనే బండ్లు పోయేవి, మేం గోలీలాడేవాళ్ళం.
కాళ్ళ కింద రెండేండ్ల తిండి ఉందని
ఊరికి కొత్తోడికి తెలిసేదే కాదు.
తీసే రోజున తెల్లారే బండ జరిపి
మధ్యాహ్నందాకా ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు నాయన.
తాటికి లాంతరు కట్టి దించేవాడు.
దీపం ఆరితే, ఇంకా ఆగాల.
దీపం నిలబడితేనే మనిషి దిగాల.

ఏడాదికొక అర చేసింది ఉరుకుందమ్మ.
మొదటిదాని మీద నొక్కి, షిఫ్టు పట్టుకుని, చివరిదాని మీద నొక్కి
ఒక్క లాగుడుతో ఏడాది ఏడాదినే ఈడ్చుకుపోయింది.
గీత పచ్చబడింది.
"ఒక మాట సార్. ఇవి ఇంక పైన యాడా లేవు,
ఈ పెట్టెలోనే ఉండాయి. పెట్టె పోతే ఇవీ పోతాయి."
పెన్‌డ్రైవులోకి ఇంకో నకలు ఎక్కించింది.
నాకు గోడవార నల్లబడిన జొన్నలు గుర్తొచ్చాయి,
వాటిని తిట్టుకుంటూ వేరుచేసే నాయన చేతులు.

"వెతికి చూడండి సార్, ఏదన్నా పేరు కొట్టండి."
కోయంబత్తూరు అని కొట్టాల్సింది.
వేళ్ళు ఫకీరప్ప అని కొట్టాయి.

ముప్పై ఏడు పలికాయి.
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాడు,
చుక్కా కామా లేకుండా, పరిగెత్తినట్టు.
"అన్నా ఈ లారీ దింపుకోవద్దు తేమ పద్నాలుగు ఉంది లోపల వేడి పుడతాది"
దాని కిందనే నేను:
"సేటు చెప్పినాడు. దింపించు."
మూడే మాటలు, నా పేరుతో, నా తేదీతో.

తొమ్మిదో రోజు గోడౌన్లో బేళ్ళు పొగలేచాయి.
తేమ సరిగ్గా చూడలేదని ఫకీరప్పను పంపించేశారు.
విచారణ రోజున నన్ను అడిగారు, కాగితం ఏదన్నా ఉందా అని.
దొరకలేదన్నాను.
అబద్ధం కాదు, నేను వెతకలేదు.
ఇప్పుడాయన హాలహర్వి రోడ్డు మీద పంక్చర్లు వేస్తాడు.
కనపడితే అన్నా అంటాడు.

చెయ్యి తీసేసే గుర్తు మీదికి పోయింది.
ఉరుకుందమ్మ తెర చూడలేదు, నా ముఖం చూసింది.
"అది నొక్కితే మళ్ళీ రాదు సార్" అంది, మామూలుగానే,
టీ తెస్తానని లేచిపోయింది.

నొక్కలేదు.
నొక్కలేదు గాని, అచ్చు తీసి
హాలహర్వి రోడ్డుకు తీసుకుపోనూ లేదు.

సాయంత్రం ఆరయ్యాక, మిషన్లు ఆగాక
ఆ ఏటి అర తెరుస్తాను.
బండ జరిపి పక్కన కూర్చున్నట్టు కూర్చుంటాను.
తాడు పొడుగుదే. లాంతరు దిగుతాది, దిగుతాది,
ఆ మూడు మాటల దగ్గర
ఈరోజుకూడా ఆరింది.